కెటమిన్ వివాదం: 2009లోనే పడిన బీజం

ప్రాణం కాపాడటానికి వచ్చిన పారామెడిక్ (అంబులెన్సులో వచ్చే వైద్య సిబ్బంది), ఇచ్చిన ఇంజెక్షన్ కారణంగా నేరస్తుడిగా బోనెక్కాలా? అమెరికాలో ఈ చర్చ మళ్లీ రాజుకుంది. రాజుకున్న ప్రతిసారీ మాట కొలరాడో రాష్ట్రంలోని అరోరా నగరం దగ్గరికే వెళ్తుంది. 2019 ఆగస్టు 24 రాత్రి అక్కడ ఎలైజా మెక్‌క్లెయిన్ అనే 23 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి పోలీసులు ఆపి, మెడ నొక్కిపట్టి నేలకు అదిమారు. ఆ తర్వాత వచ్చిన పారామెడిక్‌లు కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చారు. గుండె ఆగింది, ఆరు రోజులకు చనిపోయాడు. అతను చేసిన నేరమంటూ ఏమీ లేదు. ఇదంతా తెలిసిన కథే.

తెలుసుకోవాల్సింది అంతకు పదేళ్ల ముందు జరిగింది. 2009లో అమెరికా అత్యవసర వైద్యుల సంఘం ‘ఎక్సైటెడ్ డెలీరియం’ అనే స్థితి నిజంగానే ఉందంటూ ఒక పత్రం వెలువరించింది. ఒళ్లు కాలిపోతుంది, నొప్పి తెలియదు, ఎక్కడలేని బలం వస్తుంది, ఎంతమంది పట్టుకున్నా గింజుకుంటూనే ఉంటారు, త్వరగా మత్తులోకి దించకపోతే ప్రాణానికే ముప్పు అని అందులోని సారాంశం. ఈ భావన 1985 నాటిది. దానికి ఆద్యుల్లో ఒకరు మయామీలో శవపరీక్షలు చేసిన చార్లెస్ వెట్లీ. ఆ రోజుల్లోనే వరసగా చనిపోతున్న నల్లజాతి మహిళల మరణాలను ఆయన కొకైన్ ఖాతాలో వేశారు. అవి హత్యలని తర్వాత తేలింది. ఇంత బలహీనమైన పునాది మీద ఒక జాతీయ వైద్యసంఘం ముద్ర పడటమే, నా లెక్కలో, అసలు మలుపు. పోలీసుల పట్టులో పెనుగులాడుతున్న మనిషి అప్పటినుంచి రోగి అయ్యాడు, అతనికి మందు ఇవ్వడం చికిత్స అయింది. అంబులెన్సుల ప్రోటోకాల్స్‌లోకి కూడా అదే ఎక్కింది.

మందుగా కెటమిన్‌ను ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. 1970 నుంచి ఆపరేషన్ థియేటర్లలో వాడుతున్నదే. మిగతా మత్తుమందుల్లా శ్వాసను, బీపీని అంతగా పడిపోనివ్వదు. మిన్నియాపొలిస్‌లో అంబులెన్సు రోగులపై చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో కెటమిన్ ఇచ్చినవాళ్లు సుమారు 5 నిమిషాల్లో శాంతించారు. పాత మందు హాలోపెరిడాల్‌కు 17 నిమిషాలు పట్టింది. అదే అధ్యయనంలో మరో లెక్క ఉంది: శ్వాసనాళంలో గొట్టం వేయాల్సి వచ్చింది కెటమిన్ తీసుకున్నవారిలో 39 శాతానికి, హాలోపెరిడాల్ తీసుకున్నవారిలో 4 శాతానికి. అందరూ ఆగి ఆలోచించాల్సింది ఈ లెక్క దగ్గరే.

నరంలోకి అయితే కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, మనిషిని చూస్తూ ఆపొచ్చు. కండలోకి ఒకేసారి పొడిచాక వెనక్కి తీసుకునే దారి లేదు. పైగా చాలాసేపు పెనుగులాడినవాడి రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. రొప్పుతూ వేగంగా ఊపిరి తీయడం ద్వారానే శరీరం దాన్ని దించుకుంటుంది. ఆ సమయంలో మత్తు శ్వాసను మందగింపజేసినా, గొంతులో వాంతి అడ్డుపడినా నిమిషాల్లో పరిస్థితి చేయిదాటుతుంది. అందుకే ముందు నాడి, శ్వాస చూడటం, ఇచ్చాక పల్స్ ఆక్సీమీటరు తగిలించి, ఆక్సిజన్ పెట్టి, పక్కనుంచి కదలకుండా కనిపెట్టుకుని ఉండటం అనేవి పుస్తకాలకే పరిమితమైన జాగ్రత్తలు కావు.

మెక్‌క్లెయిన్ అప్పటికే ఊపిరాడటం లేదని చెప్పాడు, వాంతి చేసుకున్నాడు. అతని బరువు దాదాపు 65 కిలోలు. కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 325 చాలు. పారామెడిక్‌లు 90 కిలోలుంటాడని అంచనా వేసి 500 ఇచ్చారు. ఇంజెక్షన్‌కు ముందు అతనితో మాట్లాడలేదని, నాడి కూడా చూడలేదని ప్రాసిక్యూషన్ వాదించింది. నగరమే నియమించిన స్వతంత్ర కమిటీ కూడా 2021 ఫిబ్రవరిలో, సరైన పరీక్ష లేకుండానే ఎక్సైటెడ్ డెలీరియం అని తేల్చేశారని తప్పుపట్టింది. తమకు నేర్పిందే చేశామని, ఈ మందు చంపగలదని ఎవరూ హెచ్చరించలేదని పారామెడిక్‌లు చెప్పుకున్నారు.

ఇక్కడే తేదీలు చూడాలి. వైద్యసంఘం తన 2009 పత్రాన్ని వెనక్కి తీసుకున్నది 2023 అక్టోబరులో. పారామెడిక్‌లు ఇద్దరినీ జ్యూరీ దోషులుగా తేల్చింది అదే ఏడాది డిసెంబరులో. పత్రం రాసినవాళ్లెవరూ ఈ కేసులో నిందితులు కాలేదు. విచారణ ఎదుర్కొన్న ముగ్గురు పోలీసుల్లో ఇద్దరు నిర్దోషులుగా బయటపడ్డారు. పారామెడిక్‌లలో ఒకరికి 2024 మార్చిలో 5 ఏళ్ల జైలు పడింది, సెప్టెంబరులో జడ్జి దాన్ని ప్రొబేషన్‌గా (జైలు బయటే పర్యవేక్షణలో ఉండే శిక్షగా) మార్చారు. క్షణాల్లో తీసుకునే నిర్ణయాలకు జైలు శిక్షలేమిటని, ఈ పారామెడిక్‌లు పనిచేసిన అగ్నిమాపక విభాగాల సిబ్బంది సంఘాలు మండిపడ్డాయి. ఆ భయం నిజమైనదే. కానీ నాడి చూడటానికి పట్టేది కూడా క్షణాలే.

కొలరాడో 2021లోనే చట్టం చేసింది. పోలీసులు అడిగారని కెటమిన్ ఇవ్వకూడదు. వాళ్లు ఒత్తిడి తేకూడదు. మనిషిని తూచాలి. తూచే వీలు లేకపోతే, బరువు అంచనాలో శిక్షణ పొందిన కనీసం ఇద్దరు ఒకే అంకె మీద ఏకీభవించాలి.