బెత్తం, టీసీ, షేక్‌హ్యాండ్: బడిలో బుల్లీయింగ్ గురించి అపోహలు - వాస్తవాలు

చెన్నైలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను, మా బడిలో డిసిప్లిన్ కమిటీ బాధ్యత కూడా నాదే. పెరంబూరు, విల్లివాక్కం, కొరుక్కుపేట వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి కొత్తగా వచ్చేవాళ్లూ ఉన్నారు, భాష కలుస్తుంది కాబట్టి ఏ గొడవ వచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లలో, పేరెంట్స్ మీటింగుల్లో, మా స్టాఫ్ రూములో కూడా అవే మాటలు పదే పదే వింటుంటాను. ఆ మాటల వల్ల పిల్లలకు నిజంగా దెబ్బ తగులుతోంది, అందుకే రాస్తున్నాను.

అపోహ: పిల్లలన్నాక ఏడిపించుకుంటారు, దాన్ని పెద్దది చేయకూడదు.

ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు ఏడిపించుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఇవాళ వీడంటే రేపు వాడంటాడు, ఇద్దరూ కలిసే ఇంటికి పోతారు. రోజూ ఒకడే అంటూ, ఇంకొకడే పడుతూ ఉంటే అది ఆట కాదు, బుల్లీయింగ్. ఈ విషయం మీద నార్వేలో దశాబ్దాల పాటు పనిచేసిన డాన్ ఓల్వేయస్ అనే సైకాలజిస్టు మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు ఎదురు తిరగలేని స్థితిలో ఉండటం. అక్కడ ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక, 1983లో ప్రభుత్వమే దేశమంతటా బడుల్లో దీని మీద పని మొదలుపెట్టింది.

మూడో గుర్తు మనకు తొందరగా కనిపించదు, ఎందుకంటే బలం అనగానే కండబలం ఒక్కటే గుర్తొస్తుంది. పదిమంది ఒకవైపు ఉండటమూ బలమే, భాష రావడమూ బలమే, డబ్బు, కులం, మార్కులు అన్నీ బలాలే. గూడూరు వైపు నుంచి వచ్చి ఎనిమిదో క్లాసులో చేరిన పిల్లాడు తమిళ పాఠం కూడబలుక్కుని చదువుతుంటే వెనక బెంచీ నుంచి "గొల్టి" అని, తెలుగువాళ్లను వెక్కిరించే మాట వినిపిస్తుంది. మొదటి రోజు తనూ నవ్వేస్తాడు. నెల తిరిగేసరికి పేరు పోయి అదే పిలుపవుతుంది, టిఫిన్ బాక్సు మూత మీద కాంపస్ మొనతో అదే గీకి ఉంటుంది, ఇంట్లో అమ్మ తోముతూ చూసి అడిగితే ఏదో కిందపడి గీసుకుందంటాడు. నవ్వుతున్నాడుగా అని టీచర్లు సర్దిచెప్పుకుంటారు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ చేస్తారని నవ్వుతున్నాడు వాడు.

యునెస్కో 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకు ముందు నెలలో బుల్లీయింగ్‌కు గురయ్యారు. మా బడిలో అలాంటివేం లేవండీ అని ఎవరైనా చెబితే, అక్కడ పిల్లలు చెప్పడం మానేశారనే నేను అర్థం చేసుకుంటాను.

అపోహ: "నువ్వూ తిరిగి ఒకటి ఇచ్చుకో, మళ్లీ నీ జోలికి రాడు."

నాన్నలు ఎక్కువగా ఇచ్చే సలహా ఇది. తిరిగి ఇచ్చుకోగలిగినవాడైతే వాణ్ని ఎంచుకునేవాళ్లే కాదు. ధైర్యం చేసి కొట్టినా టీచర్ కంట్లో పడేది ఆ రెండో దెబ్బే, ఆఫీసు రూము ముందు నిలబడేది వీడే. అది కూడా చేతకాకపోతే ఇంట్లో నాన్న దగ్గర కూడా చేతకానివాడినయ్యానని ఇంకో దిగులు. దయచేసి ఆ మాట అనకండి.

అపోహ: బెత్తం పోయింది, క్రమశిక్షణా పోయింది.

మాతో పనిచేసే పెద్దవాళ్లు కూడా ఇది మనస్ఫూర్తిగా నమ్ముతారు, వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. బెత్తం ఉన్న రోజుల్లో పిల్లలు భయపడేవాళ్లు, కాదనను. కానీ ఆ భయం సార్ కనిపించినంత సేపే. టాయిలెట్ల దగ్గర, మెట్ల మలుపులో, బస్టాపులో సార్ ఉండడు, బుల్లీయింగ్ జరిగేదేమో అక్కడే. పైగా బలమున్నవాడు కొట్టొచ్చు అని మనమే చేసి చూపించి, నువ్వు మాత్రం నీకంటే చిన్నవాణ్ని కొట్టకు అంటే ఏ పిల్లాడికి ఎక్కుతుంది?

చట్టం సంగతి చాలామందికి సగమే తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అది 14 ఏళ్ల లోపు వాళ్లకే కదా, తొమ్మిది, పది క్లాసులవాళ్లను కొట్టొచ్చు కదా అని వాదించేవాళ్లున్నారు. తమిళనాడులో 2003లోనే విద్యా నియమాల్లో 51వ నియమాన్ని సవరించి బడుల్లో కొట్టడాన్ని నిషేధించారు. ఇక 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 18 ఏళ్ల లోపు అందరికీ వర్తిస్తుంది. దాని 75వ సెక్షన్ కింద పిల్లల బాధ్యత చూసే సంస్థలో పనిచేసేవాళ్లే క్రూరంగా ప్రవర్తిస్తే 5 ఏళ్ల దాకా కఠిన కారాగారం, 5 లక్షల దాకా జరిమానా. పొద్దున బడి అసెంబ్లీలో అందరి ముందు నిలబెట్టి తిట్టడం, మార్కులు చదివి నవ్వించడం కూడా మానసిక వేధింపు కిందికే వస్తాయని మనవాళ్లకు ఇంకా ఎక్కలేదు.

మరి బెత్తం లేకుండా ఏం చేయాలి అంటారా? చాలా చేయొచ్చు, కాకపోతే ఓపిక కావాలి. మేం బడి ప్లాను ఒక కాగితం మీద గీసి పిల్లలకిచ్చి, పేరు రాయకుండా, మీకు భయమేసే చోట ఎర్ర పెన్నుతో చుక్క పెట్టండి అన్నాం. మేం రోజూ కాపలా కాసే గేటు దగ్గర చుక్కలే లేవు. అన్నీ మంచినీళ్ల కుళాయిల దగ్గర, ఆటసామాను గది పక్క నడవాలో పడ్డాయి. ఎంత మంది టీచర్లు ఉన్నారన్నది కాదు, ఎక్కడ నిలబడ్డారన్నది ముఖ్యం అని ఆ కాగితాలు చూశాక స్టాఫ్ రూములో ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంటర్వెల్, లంచ్, ఆఖరి బెల్లు తర్వాత ఆ పదిహేను నిమిషాలు, డ్యూటీలు అన్నీ అటు మార్చాం.

శిక్ష వద్దని నేననడం లేదు. చేసిన పనికి, శిక్షకు సంబంధం ఉండాలి అంటున్నాను. నోట్సు చింపినవాడు కూర్చుని ఆ పాఠం మొత్తం తిరిగి రాసివ్వాలి. లంచ్‌లో ఏడిపించినవాడు వారం పాటు లంచ్ టైములో టీచర్ పక్కన కూర్చోవాలి. శిక్ష చిన్నదైనా ఫరవాలేదు, తప్పకుండా పడాలి, కరస్పాండెంటుగారి బంధువుల అబ్బాయికైనా అదే పడాలి. ఒక్కసారి ఎవరినైనా వదిలేశారంటే క్లాసు మొత్తానికి తెలిసిపోతుంది.

అపోహ: ఇద్దర్నీ కూర్చోబెట్టి చేతులు కలిపిస్తే అయిపోతుంది.

నేను ఎక్కువగా గొడవపడేది దీని మీదే. సమానులిద్దరి మధ్య తగవైతే రాజీ చక్కగా పనిచేస్తుంది. ఇక్కడ ఒకడు భయపెట్టేవాడు, ఇంకొకడు భయపడేవాడు, వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెడితే మన సమక్షంలోనే భయపెట్టే ఏర్పాటు చేసినట్టు. ఒకసారి ఆఫీసు రూములో చూశాను. ఒక అబ్బాయి టక్కున చెయ్యి చాపి "సారీరా" అన్నాడు, చక్కగా మాట్లాడాడు, పెద్దవాళ్లందరికీ నచ్చాడు. రెండోవాడు చెయ్యి ఇచ్చాడు కానీ ఎడమచేత్తో చొక్కా అంచును పిసుకుతూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. సమస్య తీరిపోయిందని రిజిస్టర్‌లో రాశారు. ఆ మధ్యాహ్నమే మెట్ల మీద ఏం జరిగిందో వాడు చాలా రోజుల తర్వాత నాకు చెప్పాడు: "మిస్ దగ్గర చెప్తావా, ఇప్పుడు చెప్పు" అన్నారట, నలుగురు చుట్టూ నిలబడి.

అందుకే విడివిడిగా మాట్లాడాలి. ముందు బాధపడిన పిల్లాడితో, అదీ క్లాసు మధ్యలో అందరి ముందు పిలవకుండా, నోట్సు దిద్దించుకోవడానికి రమ్మన్నట్టు. తర్వాత ఏడిపించినవాళ్లను ఒక్కొక్కరిగా. ఎవరు చెప్పారన్నది ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపడకూడదు, "మేం గమనించాం" అనాలి, గమనించి కూడా ఉండాలి. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది: రెండు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఆ పిల్లాణ్ని పిలిచి ఇప్పుడెలా ఉందని అడగడం. మొదటి రోజు అందరం హడావుడి చేస్తాం, మూడో వారం ఎవరికీ గుర్తుండదు, ఏడిపించేవాళ్లు ఎదురుచూసేది ఆ మూడో వారం కోసమే.

సీబీఎస్‌ఈ 2015లోనే తన కింద ఉన్న ప్రతి బడిలో యాంటీ బుల్లీయింగ్ కమిటీ ఉండాలని సర్క్యులర్ ఇచ్చింది. కమిటీ బోర్డు గోడ మీద ఉందా అని కాదు, పోయిన నెలలో ఎవరిని పిలిచి మాట్లాడారో అడగండి.

అపోహ: ఇలాంటి పనులు చదువురాని మొద్దులే చేస్తారు.

క్లాస్ లీడరు చేయొచ్చు, ఫస్ట్ ర్యాంకు అమ్మాయి చేయొచ్చు. అమ్మాయిల్లో చెయ్యి లేవదు, మాట్లాడటం మానేస్తారు, లంచ్‌లో పక్కన చోటు లేదంటారు, పుట్టినరోజుకు ఒక్కర్ని వదిలేసి అందర్నీ పిలుస్తారు. మన అభిమాన విద్యార్థి మీద ఫిర్యాదు వచ్చినప్పుడు "ఛ, వాడలాంటివాడు కాదు" అనే మాట నోటి దాకా వస్తుంది. దాన్ని మింగేసి విచారించాలి.

అపోహ: చూస్తూ నిలబడ్డ పిల్లలకు దీంతో సంబంధం లేదు.

నా అనుభవంలో తాళంచెవి వాళ్ల చేతిలోనే ఉంది. చూసి నవ్వేవాళ్లు లేకపోతే ఏడిపించేవాడికి ఉత్సాహమే ఉండదు. టొరంటో బడుల ఆటస్థలాల్లో కెమెరాలతో పరిశీలించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 88 శాతం సంఘటనల్లో చుట్టూ వేరే పిల్లలు ఉన్నారు, 19 శాతంలోనే ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. కానీ అలా అడ్డుపడిన వాటిలో 57 శాతం 10 సెకన్లలోపే ఆగిపోయాయి. ఫిన్లండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన కివా అనే కార్యక్రమం కూడా చూసేవాళ్లను మార్చడం మీదే నిలబడింది.

హీరోలా వెళ్లి కొట్లాడమని నేను పిల్లలకు చెప్పను. నవ్వకండి, వీడియో తీయకండి. "రారా, పీటీ సార్ పిలుస్తున్నారు" అని ఆ పిల్లాడి భుజం మీద చెయ్యేసి అక్కణ్నుంచి తీసుకుపోండి. అది కూడా భయమేస్తే తర్వాత వెళ్లి పక్కన కూర్చుని తినండి. మా క్లాసులో ఈ పీటీ సార్ మాట ఎన్నిసార్లు వాడారో, పాపం ఆయనకు తెలియకుండానే చాలామందిని కాపాడాడు.

అపోహ: టీసీ ఇచ్చి పంపేస్తే పీడ విరగడవుతుంది.

ఎనిమిదో క్లాసు పూర్తయ్యేదాకా ఏ పిల్లాణ్నీ బడి నుంచి తీసేయడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. తొమ్మిది, పదిలో పంపేస్తే వాడు ఇంకో బడిలో అదే పని చేస్తాడు, లేదా చదువే మానేస్తాడు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2008లో జీరో టాలరెన్స్ పద్ధతిని, అంటే చిన్న తప్పుకైనా కఠిన శిక్ష వేసే పద్ధతిని పరిశీలించి, దానివల్ల బడులు మరింత సురక్షితమైన దాఖలాలు లేవని తేల్చింది. సెక్షన్ మార్చాల్సి రావచ్చు, అప్పుడు మార్చాల్సింది ఏడిపించినవాణ్ని. చాలా బడులు బాధపడిన పిల్లనే పక్క సెక్షన్‌కు పంపి సాయం చేశామనుకుంటాయి.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. టాయిలెట్‌లో బట్టలు లాగడం, తాకకూడని చోట తాకడం లాంటివి "ర్యాగింగ్" అని బడిలో సర్దుబాటు చేసే విషయాలు కావు. అవి పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టం కిందికి వస్తాయి. 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం.

అపోహ: వాట్సాప్‌లో జరిగింది బడికి సంబంధం లేదు.

రాత్రి గ్రూపులో ఒకడి ఫొటోతో స్టిక్కర్ చేస్తారు, పొద్దున క్లాసులో అందరూ వాణ్ని చూసి నవ్వుతారు, మరి బడికి సంబంధం లేకుండా ఎలా పోతుంది? జవాబివ్వొద్దు, డిలీట్ చేయొద్దు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి టీచర్‌కు చూపించండి. పిల్లల నగ్న చిత్రాలైతే మాత్రం టీచర్‌కు కూడా ఫార్వర్డ్ చేయకండి, నేరుగా పోలీసులకు చెప్పండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాలపై పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

అపోహ: మన పిల్లలకు కులం గురించి ఏం తెలుసు?

2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో పన్నెండో తరగతి దళిత విద్యార్థి ఒకడు వేధింపులు భరించలేక బడి మానేశాడు. టీచర్లు కారణం అడిగితే రాసిచ్చాడు. ఆ తర్వాత తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కొడవళ్లతో నరికారు, అడ్డొచ్చిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులాన్ని సూచించే రంగుల చేతి తాళ్లు బడిలో వద్దని, హాజరు రిజిస్టర్‌లో కులం వివరాలు ఉండకూడదని చెప్పింది. ఫిర్యాదు ఇచ్చిన పిల్లాడి పేరు బయటకు పొక్కకూడదని పైన అంత గట్టిగా రాయడానికి కారణం ఇదే.

అపోహ: నిజంగా ఏదైనా ఉంటే పిల్లాడే చెప్పేవాడు.

చెప్పరు. చెబితే ఇంట్లో తిడతారని, అమ్మ బడికొచ్చి గొడవ చేస్తే ఇంకా ఎక్కువవుతుందని. మీరే చూడాలి: టిఫిన్ తినకుండా తెస్తున్నాడా, లేక అన్నం ఎవరో లాక్కున్నట్టు ఇంటికి రాగానే ఆవురావురుమని తింటున్నాడా, రోజంతా టాయిలెట్‌కు వెళ్లకుండా ఆపుకుని ఇంటికొచ్చి పరుగెడుతున్నాడా, పెన్నులు, జామెట్రీ బాక్సు తరచూ "పోతున్నాయా", రోజూ ఎక్కే బస్సు వదిలేసి తర్వాతది ఎక్కుతున్నాడా, ఆదివారం సాయంత్రం కడుపునొప్పి అంటున్నాడా.

అనుమానం వస్తే నేరుగా "ఎవడ్రా నిన్ను కొట్టింది" అని అడగకండి. లంచ్‌లో ఎవరితో కూర్చుంటావు, బస్సులో ఎవరి పక్కన కూర్చుంటావు అని అడగండి. బడికి వచ్చేటప్పుడు తేదీ, చోటు, ఏం జరిగింది, అప్పుడు ఎవరున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుని రండి, హెచ్‌ఎంకు ఇచ్చి కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. అవతలి పిల్లాడి అమ్మానాన్నలకు మీరే ఫోన్ చేయకండి, నేను చూసినంతలో అది ప్రతిసారీ పెద్దవాళ్ల గొడవగానే మారింది. లేచి వచ్చేముందు, మళ్లీ ఎప్పుడు కలుద్దామో తేదీ అడిగి రాయించుకోండి. బడి కదలకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది, తమిళనాడు విద్యాశాఖ నంబరు 14417 ఉంది. పిల్లాడు నిద్ర, తిండి మానేసి చచ్చిపోవాలనుంది లాంటి మాటలంటుంటే ఆ మీటింగు తేదీ దాకా ఆగకండి, ఆ రోజే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.