ఏఐ రాత: నిషేధం నుంచి నిబంధనల దాకా

ఇంటి దగ్గర రాసి తెచ్చిన వ్యాసం నిజంగా ఆ విద్యార్థి రాసిందేనా? ఈ అనుమానం ఏఐతో మొదలైంది కాదు. డబ్బు తీసుకుని అసైన్‌మెంట్లు రాసిపెట్టే వ్యాపారం ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఆస్ట్రేలియా 2020లో, ఇంగ్లండ్ 2022లో చట్టం చేసి మరీ నిషేధించాయి. కాపీ పట్టుకోవడానికి టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. కానీ అవి పాత రాతలతో పోల్చి చూసేవి. అడిగిన ప్రతిసారీ కొత్త వాక్యాలు అల్లే యంత్రం ముందు ఆ పద్ధతి చాలలేదు.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే పారిస్‌లోని సియాన్స్ పో విశ్వవిద్యాలయం, దాన్ని వాడినట్టు చెప్పకుండా వాడితే బహిష్కరణ దాకా వెళ్తామని హెచ్చరించింది. హాంకాంగ్ విశ్వవిద్యాలయం 2023 ఫిబ్రవరిలో తాత్కాలికంగా నిషేధించి, ఆ ఏడాదే మనసు మార్చుకుంది.

నిషేధం అమలు కావాలంటే దొంగను పట్టుకోవాలి కదా. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఏఐ రాతను గుర్తించే సాధనాన్ని 2023 జనవరిలో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ స్వయంగా విడుదల చేసింది. ఆ సంస్థ లెక్క ప్రకారమే అది ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాతలుగా పొరబడింది. జూలైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి 7 సాధనాలకు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలు ఇచ్చి చూశారు. సగటున 61 శాతం వ్యాసాలపై ఏఐ ముద్ర పడింది. పరిమితమైన పదాలతో సాదాగా రాయడమే వాళ్లు చేసిన నేరం! ఇంత అన్యాయమైన సాక్ష్యంతో ఒక విద్యార్థి చదువును పణంగా పెట్టడం నా దృష్టిలో ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఇలాంటి లెక్కే వేసుకుంది. 2022లో టర్నిటిన్‌కు పంపిన పేపర్లు 75,000. పొరపాటు ఒక్క శాతమే అనుకున్నా 750 పేపర్ల మీద తప్పుడు నింద పడేది. అందుకే 2023 ఆగస్టులో టర్నిటిన్ కొత్తగా చేర్చిన ఏఐ గుర్తింపు సదుపాయాన్ని ఆపేసింది.

అప్పటినుంచి చర్చ పరీక్షల తీరు మీదికి మళ్లింది. బ్రిటన్‌లో రస్సెల్ గ్రూప్ అనే కూటమిలోని 24 విశ్వవిద్యాలయాలు 2023 జూలైలో ఉమ్మడి సూత్రాలు ప్రకటించాయి: విద్యార్థులకు, అధ్యాపకులకు ఏఐని సరిగ్గా వాడటం నేర్పాలని. సిడ్నీ విశ్వవిద్యాలయం 2025 నుంచి రెండు దారులు పెట్టింది. పర్యవేక్షణలో జరిగే పరీక్షల్లో ఏఐకి అనుమతి లేదు, మిగతా అసైన్‌మెంట్లలో వాడుకోవచ్చు. నాకు ఇదే న్యాయంగా కనిపిస్తోంది. అయితే ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించాలంటే అధ్యాపకుల సమయం కావాలి. వందల మంది ఉన్న తరగతికి ఆ సమయం ఎక్కడినుంచి తెస్తారన్నది విశ్వవిద్యాలయాలు తేల్చాల్సిన విషయం.