ఓనో మైదానానికి పిలుపు వచ్చినప్పుడు

ప్రభువునందు ప్రియమైన పిల్లలారా,

దేవుని విషయంలో ఏకమనస్సుతో ఉండాలంటే చదువులూ ఆటలూ స్నేహాలూ మానుకోవాలా అని మీలో చాలామంది అడుగుతుంటారు. అక్కరలేదని ఒక్క మాటలో చెప్పవచ్చు గాని ఆ జవాబు సగమే అవుతుంది. మిగతా సగం కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో పౌలు ‘ఒకటి చేయుచున్నాను’ అంటాడు. వెనుక ఉన్నవాటిని మరచి గురి యొద్దకే పరుగెత్తుతున్నానంటాడు. పరుగు గురించి ఇంత ఉత్సాహంగా రాసేనాటికి ఆయన బంధకాల్లో ఉన్నాడు. పోనీ, జీవితమంతా ఒకే పని చేశాడా అంటే అదీ లేదు: కొరింథులో డేరాలు కుట్టాడు, యెరూషలేములోని బీదల కోసం సంఘాల దగ్గర చందా పోగుచేశాడు, పత్రికలు రాశాడు, విశ్వాసుల మధ్య తగవులు తీర్చాడు. ఇన్ని పనులనూ నడిపించిన కోరిక మాత్రం ఒక్కటే, అది క్రీస్తును ఎరగడం. ఆ అధ్యాయం పదో వచనంలో ఆయనే ఆ సంగతి చెప్పాడు. పెద్దవాళ్లమైన మేము కూడా తరచుగా ఇక్కడే పొరబడుతుంటాం. సంఘంలో పాటలు పాడడం, సండే స్కూలులో బోధించడం మంచి పనులే అయినా, క్రీస్తును ఎరగకుండానే వాటిలో ఏళ్ల తరబడి తీరిక లేకుండా ఉండడం సాధ్యమే.

ఈ విషయంలో నాకు అన్నిటికంటె ఎక్కువ నేర్పినది నెహెమ్యా గ్రంథం ఆరో అధ్యాయం. నెహెమ్యా పారసీక రాజైన అర్తహషస్తకు ద్రాక్షారసపు గిన్నె అందించేవాడు. రాజు ఏలుబడిలో 20వ సంవత్సరమున ఆ కొలువు నుండి సెలవు తీసుకుని యెరూషలేముకు వచ్చి, కూలిపోయిన ప్రాకారాన్ని కట్టించసాగాడు. బీటలన్నీ పూడ్చి, గుమ్మాలకు తలుపులు నిలపడం మాత్రం మిగిలి ఉన్న సమయంలో, ఓనో మైదానంలోని ఒక గ్రామంలో కలుసుకుందాం రమ్మని ఆ పని గిట్టని సన్బల్లటు, గెషెము అనే విరోధులు కబురు పంపారు. పైకి అది మర్యాదైన ఆహ్వానమే. దాని వెనుక కీడు తలపెట్టారని నెహెమ్యా గ్రహించాడు, అయినా తన జవాబులో ఆ అనుమానం ఊసే ఎత్తలేదు. తాను చేస్తున్న పని గొప్పదనీ, దానిని ఆపి రాలేననీ చెప్పి పంపాడు. వారు నాలుగుసార్లు అదే కబురు పంపితే అతడు నాలుగుసార్లూ అదే జవాబు ఇచ్చాడు. ఐదోసారి, నీవు రాజు కావాలని తిరుగుబాటు చేయబోతున్నావట అన్న నిందతో, అందరూ చదివేలా విప్పి ఉన్న ఉత్తరం వచ్చింది. అదీ పనిచేయకపోయేసరికి, ప్రాణం దక్కించుకోవడానికి దేవాలయంలో దాగుకొమ్మని షెమయా అనేవాడు ప్రవచనం పేరుతో సలహా ఇచ్చాడు. ఇంత జరిగినా ప్రాకారం 52 దినాలలో, యూదుల ఏలూలు నెల 25వ తేదీన పూర్తయింది.

మీరు ఆ నాలుగో కబురు దగ్గర కొంచెంసేపు ఆగి ఆలోచించాలని నా కోరిక. మొదటిసారి కాదనడం ఎవరికైనా తేలికే. నాలుగోసారికి వచ్చేసరికి మనమే మొండివాళ్లమేమో, ఒక్క పూట వెళ్లివస్తే పోయేదేముంది అనిపిస్తుంది. గురి తప్పినవారిలో ఎక్కువమంది పాపాన్ని కోరి వెళ్లినవారు కారు, మర్యాదకు లొంగినవారు. (మీ చేతిలోని ఫోను పిలవడం మొదలుపెడితే నాలుగుసార్లతో ఊరుకోదని నాకూ తెలుసు.) నెహెమ్యా అన్నిసార్లు అదే జవాబు ఇవ్వగలిగాడంటే, వచ్చిన ప్రతి కబురుకూ కొత్తగా ఆలోచించుకోవలసిన అవసరం అతనికి లేకపోయింది.

చెరపట్టబడి బబులోనుకు వెళ్లిన దానియేలు సంగతీ అంతే. అక్కడి రాజు భోజనంతో అపవిత్రపడకూడదని అతడు యౌవనంలోనే నిశ్చయించుకున్నాడు. అతడు చెరకు వెళ్లినది సుమారు క్రీ.పూ. 605లో, బబులోను పారసీకుల చేత చిక్కినది క్రీ.పూ. 539లో, అంటే ప్రార్థన మానలేదని అతణ్ణి సింహాల గుహలో పడవేసిన నాటికి అరవై ఏళ్లకు పైగా గడిచిపోయాయి. ప్రార్థనను నిషేధించే శాసనంపై సంతకమైందని తెలిసిన తరువాత అతడు చేసిన ప్రార్థన కొత్తదేమీ కాదు, ఎప్పటిలాగే దినానికి మూడుసార్లు చేసేదే. కాబట్టి మీరు కూడా పరీక్షల కాలమైనా సెలవుల కాలమైనా మారని ఒక చిన్న వేళను వాక్యానికీ ప్రార్థనకూ ఇప్పుడే కేటాయించుకోండి. మొదటి వారంలోనే గంటలు గంటలు కూర్చోవాలనుకునేవారిని చూస్తే నాకు కొంత భయమే.

ఇక మానుకోవలసినవాటి సంగతి. ప్రభువు అందరినీ ఒకే విధంగా అడగలేదు. చిన్నప్పటినుండి ఆజ్ఞలన్నీ గైకొన్న ధనవంతుణ్ణి కలిగినదంతా అమ్మి రమ్మన్నాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తానంటే, ఈ యింటికి రక్షణ వచ్చిందన్నాడు. మొదటివాడి హృదయంలో గురి ఉండవలసిన చోట ఆస్తి ఉంది. మీ చదువైనా, ఆటైనా, స్నేహమైనా ఆ చోటికి వచ్చి కూర్చుందో లేదో పైనుంచి చూసి నేను చెప్పలేను. అది పోతుందేమోనన్న భయం కలిగినప్పుడు ప్రార్థన ఆగిపోతుందా, ఎక్కువవుతుందా అని మిమ్మల్ని మీరే పరీక్షించుకోవాలి.

ఇప్పటికే తప్పిపోయాం, మాకిక అవకాశముందా అని అడిగే పిల్లలు తిమోతికి రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయం తెరవాలి. ఒకప్పుడు పౌలు తన జతపనివాడని పిలిచిన దేమా, ఇహలోకాన్ని ప్రేమించి ఆయనను విడిచి థెస్సలొనీకకు వెళ్లిపోయిన సంగతి అక్కడ పదో వచనంలో ఉంది. మరుసటి వచనంలోనే మార్కును వెంటబెట్టుకుని రమ్మని పౌలు అడుగుతున్నాడు, అతడు పరిచర్యకు తనకు ఉపయోగపడతాడట. పంఫూలియలో పనిని మధ్యలో విడిచి వెళ్లిన మార్కు ఇతడే. ఇతణ్ణి మళ్లీ తీసుకువెళ్లనని పట్టుబట్టి తన జతపనివాడైన బర్నబాతో వాదించి విడిపోయినవాడూ ఈ పౌలే.

ప్రభువు ప్రేమలో,
మీ తాతయ్య