చిన్న వయసు, అరుదైన క్యాన్సర్: సార్కోమాపై అపోహలు - వాస్తవాలు

ఎముకల్లో, కండరాల్లో, కొవ్వులో, కీళ్ల చుట్టూ ఉండే కణజాలంలో పుట్టే క్యాన్సర్లను సార్కోమాలు అంటారు. నేను చికిత్స చేసేది వీటికే. పెద్దవారికి వచ్చే క్యాన్సర్లన్నిటిలో వీటి వాటా సుమారు 1 శాతం. ఆ 1 శాతంలోనే 70కి పైగా రకాలు. ప్రధానంగా ఎముకల్లో పుట్టే ఆస్టియోసార్కోమా, యూయింగ్ సార్కోమా ఎక్కువగా వచ్చేది 10 నుంచి 25 ఏళ్ల మధ్య. తరచుగా కీళ్ల దగ్గరి మెత్తని కణజాలంలో వచ్చే సైనోవియల్ సార్కోమా కూడా యువతలోనే తరచుగా కనిపిస్తుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి గురించి ఆలోచించే వయసులో ఈ జబ్బు వచ్చినవారికి అపోహల వల్ల రెండు నష్టాలు జరుగుతాయి. విలువైన సమయం పోతుంది. తన శరీరం గురించి తానే నిర్ణయించుకునే అవకాశం పోతుంది. రోజూ నా చెవిన పడే అపోహల్లో ఎక్కువ భాగం ఈ రెంటిలో ఏదో ఒక నష్టానికి దారితీసేవే.

అపోహ: ఈ వయసులో క్యాన్సర్ రాదు

ఇంట్లోవారే కాదు, వైద్యులూ ఇలాగే అనుకుంటారు. సాధారణ వైద్యుడికి వృత్తి జీవితం మొత్తంలో ఇలాంటి రోగి ఒకరో ఇద్దరో ఎదురైతే ఎక్కువ. అందుకే పద్దెనిమిదేళ్ల అబ్బాయి మోకాలు నొప్పి అంటే ఆటలో కండరం పట్టేసిందనుకుంటారు. నొప్పి మాత్రలు ఇస్తారు, ఫిజియోథెరపీకి పంపుతారు. నెలలు గడిచిపోతాయి. యూయింగ్ సార్కోమా ఇంకా తికమక పెడుతుంది. నొప్పితో పాటు జ్వరం, వాపు ఉండి, ఎముకకు ఇన్ఫెక్షన్ సోకినట్టే కనిపిస్తుంది.

ఎముక క్యాన్సర్ నొప్పికి కొన్ని గుర్తులున్నాయి. అది ఒకేచోట ఉంటుంది, వారాలు గడిచినా తగ్గదు. కదలకుండా పడుకున్నా ఉంటుంది, రాత్రి నిద్రలోంచి లేపుతుంది. తర్వాత వాపు తేలుతుంది. ఎదిగే వయసు నొప్పులు ఇలా ఉండవు. అవి చిన్న పిల్లలకు, చాలావరకు రెండు కాళ్లలో, సాయంత్రమో రాత్రో వచ్చి తెల్లారేసరికి పోతాయి. కాబట్టి అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించమని మీరే అడగండి. ఎక్స్‌రే బాగానే ఉన్నా నొప్పి పోకపోతే ఎంఆర్ఐ అవసరం. రక్తపరీక్షలు మామూలుగా ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. ఎముక క్యాన్సర్ ఉన్నవారిలోనూ అవి మామూలుగా ఉండవచ్చు.

అపోహ: దెబ్బ తగలడం వల్లే వచ్చింది

దెబ్బ క్యాన్సర్‌ను పుట్టించదు. అప్పటికే ఉన్న కణితి దెబ్బ తగిలాక మన దృష్టికి వస్తుంది, అంతే. ఆటలకు పంపినందుకు తమను తాము నిందించుకునే తల్లిదండ్రులకు ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతుంటాను. వంశపారంపర్యం సంగతీ దాదాపు ఇంతే. లీ-ఫ్రామెని సిండ్రోమ్ వంటి జన్యు లోపాలున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి, వారికి జన్యుపరీక్ష అవసరం. ఎక్కువమందికి మాత్రం ఫలానా కారణమని చూపించలేం.

అపోహ: నొప్పి లేని గడ్డతో ప్రమాదం లేదు

కండరాల్లో, కొవ్వులో వచ్చే సార్కోమాలు చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి. ఒంటిమీద కనిపించే గడ్డల్లో అత్యధికం హాని చేయని కొవ్వు గడ్డలే, నిజమే. కానీ గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతూ ఉన్నా, లోతుగా కండరంలో ఉన్నట్టు తోచినా, ఒకసారి తీసేశాక మళ్లీ వచ్చినా స్కాన్ చేయించాలి. అదీ కోత పెట్టకముందే. స్కాన్, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) లేకుండా మామూలు గడ్డ అనుకుని తీసేస్తే క్యాన్సర్ కణాలు చుట్టూ మిగిలిపోతాయి. ఆ తర్వాత ఇంకా పెద్ద ఆపరేషన్, చాలామందికి రేడియేషన్ కూడా తప్పవు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే దీన్ని పూర్తిగా నివారించవచ్చు.

అపోహ: బయాప్సీకి సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది

ఈ భయంతో నెలల తరబడి పరీక్ష వాయిదా వేసే కుటుంబాలున్నాయి. బయాప్సీ లేనిదే అది ఏ సార్కోమానో తెలియదు. రకం తెలియనిదే మందు నిర్ణయించలేం. యూయింగ్ సార్కోమాలో సాధారణంగా రెండు జన్యువులు ముక్కలై ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకును చూసి జబ్బును ఖాయం చేసుకోవడానికి కణజాలం కావాలి. అయితే ఈ భయంలో ఒక సత్యం ఉంది, దాన్ని దాచను. సూది ఎక్కడ పడితే అక్కడ గుచ్చకూడదు. సూది వెళ్లిన దారిలో కణాలు మిగిలే అవకాశం కొద్దిగా ఉంటుంది కాబట్టి, తర్వాత ఆపరేషన్‌లో ఎక్కడ కోయబోతున్నారో ఆ గీత మీదే గుచ్చాలి. అందుకే ఆపరేషన్ చేయబోయే సర్జన్‌తో సంప్రదించాకే, సార్కోమాలు చూసే అనుభవం ఉన్న కేంద్రంలోనే బయాప్సీ చేయించుకోవాలి.

అపోహ: అరుదైన జబ్బుకు మందుండదు

1970లకు ముందు ఆస్టియోసార్కోమాకు కాలు తీసేయడమే చికిత్స. అయినా పదిమందిలో ఒకరో ఇద్దరో మాత్రమే బతికేవారు. కారణం, జబ్బు బయటపడే నాటికే కంటికీ స్కాన్‌కీ అందని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉండటం. కీమోథెరపీ ఆ కణాల మీద పనిచేస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే కీమో మొదలుపెడతాం. "గడ్డ అక్కడే ఉంది కదా, వెంటనే తీసేయకుండా ఆలస్యం ఎందుకు?" అని అడిగేవారికి జవాబు ఇదే. నేడు జబ్బు పాకకముందే చికిత్స మొదలైనవారిలో పదిమందికి ఆరేడుగురు ఏళ్ల తరబడి బతుకుతున్నారు. ఎక్కువమందికి కాలూ చెయ్యీ నిలుస్తున్నాయి. కణితి ఉన్న ఎముక ముక్క తీసి లోహపు ఇంప్లాంట్ అమరుస్తారు. ఊపిరితిత్తులకు పాకాక వచ్చినవారికి, జబ్బు తిరగబెట్టినవారికి పరిస్థితి ఇప్పటికీ కష్టమే.

అరుదైన జబ్బు కావడంతో పరిశోధన నెమ్మదిగా సాగుతుంది. ఆస్టియోసార్కోమాపై జరిగిన యూరామోస్ అధ్యయనంలో 2,260 మందిని చేర్చుకోవడానికి 17 దేశాలు కలవాల్సి వచ్చింది, 2005 నుంచి 2011 వరకు పట్టింది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన కీమోకు సరిగా లొంగని కణితులకు ఆ తర్వాత మరో రెండు మందులు కలిపి చూశారు. లాభం లేదు, దుష్ప్రభావాలే పెరిగాయని తేలింది. నిరాశ కలిగించే ఫలితమే, కానీ అది తెలిశాక ఎందరికో అనవసరమైన బాధ తప్పింది.

చక్కెర మానేస్తే క్యాన్సర్ కణాలు మాడిపోతాయన్నది మరో మాట. మానేసినా కాలేయం గ్లూకోజు తయారు చేస్తూనే ఉంటుంది, కణితికి అది అందుతూనే ఉంటుంది. ఎండిపోయేది రోగి. కీమో సమయంలో బరువు తగ్గకుండా తినడమే ముఖ్యం.

అపోహ: ముందు ప్రాణం, పిల్లల సంగతి తర్వాత

తర్వాత చూడటానికి ఏమీ మిగలకపోవచ్చు. సార్కోమాలకు వాడే ఐఫాస్ఫమైడ్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు వీర్యకణాలనూ అండాలనూ దెబ్బతీస్తాయి. మొదటి కీమోకు ముందే వీర్యం భద్రపరచుకోవడం ఒకటి రెండు రోజుల పని. అండాలు భద్రపరచడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అంత వ్యవధి లేకపోతే అండాశయ కణజాలాన్ని తీసి దాచే పద్ధతి ఉంది. పంతొమ్మిదేళ్ల వ్యక్తి అమ్మానాన్నల ముందు ఈ మాట ఎత్తలేకపోవచ్చు. కాబట్టి డాక్టర్లు ఆ వ్యక్తితో విడిగా మాట్లాడాలి. మాట్లాడకపోతే మీరే అడగండి.

అపోహ: జబ్బు పేరు చెబితే కుంగిపోతారు

ప్రేమతోనే దాస్తారు, నాకు తెలుసు. కానీ చేతిలో ఫోను ఉన్న మనిషికి మందు పేరు చాలు, మిగతాది తానే తెలుసుకోగలరు. అప్పుడు ఆ భయాన్ని పంచుకోవడానికి కూడా ఎవరూ ఉండరు. దాచడం వల్ల చికిత్సలోనూ ప్రమాదం ఉంది. కీమో తర్వాత తెల్లరక్తకణాలు పడిపోతాయి. ఆ సమయంలో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి, కొన్ని గంటల తేడాలో ప్రాణం పోవచ్చు. తనకేం జరుగుతోందో తెలియని వ్యక్తి ఆ జ్వరాన్ని మామూలు జ్వరం అనుకుని పడుకుంటాడు.

అపోహ: ధైర్యం ఉన్నవాళ్లే గెలుస్తారు

కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్‌కు 18 ఏళ్ల వయసులో, 1977లో, ఆస్టియోసార్కోమా వల్ల కుడికాలు తీసేశారు. 1980లో క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం కృత్రిమ కాలుతో కెనడాలో పరుగు మొదలుపెట్టి 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లారు. జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయారు. 1981 జూన్‌లో, 23 ఏళ్లు నిండడానికి నెల ముందు మరణించారు. ఆయనకు సంకల్పబలం తక్కువైందని ఎవరనగలరు? ఫలితాన్ని నిర్ణయించేవి కణితి రకం, అది పాకిందా లేదా, మందుకు లొంగిందా లేదా అన్నవి. "నువ్వు పోరాడాలి" అని పదే పదే అంటే, ఏడవాలనిపించిన రోజున కూడా జబ్బుపడినవాళ్లు నవ్వాల్సి వస్తుంది. స్కాన్‌కు తోడు వెళ్లండి. నొప్పి ఉందంటే నమ్మండి.

అపోహ: జుట్టు తిరిగి వచ్చిందంటే అంతా అయిపోయినట్టే

చివరి కీమో అయ్యాక కూడా అలసట నెలల తరబడి ఉంటుంది. అది సోమరితనం కాదు. మొదటి ఏళ్లలో కొన్ని నెలలకోసారి ఛాతీ స్కాన్లు ఉంటాయి, ప్రతి స్కాన్‌కు ముందూ నిద్ర పట్టదు. కీమో మందుల్లో డాక్సోరుబిసిన్ గుండెను, సిస్‌ప్లాటిన్ వినికిడినీ మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు. గుండె బలహీనత ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. కాబట్టి ఏ మందు మొత్తం ఎంత మోతాదులో ఇచ్చారు, రేడియేషన్ ఎక్కడ ఇచ్చారు, ఏ ఇంప్లాంట్ అమర్చారు అన్నవి రాసిన చికిత్స సారాంశాన్ని ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోండి. నలభై ఏళ్ల వయసులో ఆయాసంతో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా, కాన్పు కోసం ఆసుపత్రిలో చేరినా ముందు ఆ కాగితం చూపించండి.