హెల్ప్ పేజీల్లో తెలుగు ఎందుకు చెదురుతుంది?

సాఫ్ట్‌వేర్ తెలుగులో వచ్చినా, దాని హెల్ప్ తెరిస్తే ఒకచోట డబ్బాలు, ఒకచోట వరసగా ప్రశ్నార్థకాలు, ఇంకోచోట తలాతోకా లేని లాటిన్ అక్షరాలు. అన్నిటినీ కలిపి ‘ఫాంట్ ప్రాబ్లం’ అనేస్తాం. వీటిలో ఫాంటు వేస్తే పోయేవి ముఖ్యంగా డబ్బాలే. మిగతావాటి మూలాలు పాతవి.

1991లో భారత ప్రమాణాల సంస్థ భారతీయ లిపుల కంప్యూటర్ కోడ్ ఇస్కీని ఐఎస్ 13194 ప్రమాణంగా ఖరారు చేసింది. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే కోడ్‌గా అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. కానీ మన డీటీపీ సెంటర్లు అను లాంటి ఫాంట్లతోనే పని నడిపించాయి. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్టు, గుడి, ఒత్తు వంటి తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. కాగితం మీద అక్షరం ముచ్చటగా పడేది. ఆ పద్ధతిలో చేసిన పీడీఎఫ్ మాన్యువల్‌లో మాత్రం లోపలున్నవి ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి, కంటికి కనిపించే మాట కూడా సెర్చ్‌కు దొరకదు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా రీజినల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ సపోర్ట్‌కు టిక్ పెట్టి, అడిగితే సీడీ వేయాలి. లేకపోతే క, పొల్లు, ష విడివిడిగా పడేవే తప్ప ‘క్ష’ కుదిరేది కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఆ రోజుల్లో పెద్ద ఆసరా.

హెల్ప్ పత్రాలకు అసలు దెబ్బ, పేజీలన్నిటినీ ఒకే ఫైలులో కట్టే సీహెచ్ఎం ఫార్మాట్‌తో తగిలింది. మైక్రోసాఫ్ట్ దాన్ని 1997లో తెచ్చింది. అందులో విషయసూచిక, ఇండెక్స్ యూనికోడ్‌తో కాక విండోస్ సిస్టమ్ కోడ్ పేజీతో, అంటే కొద్ది భాషలకే సరిపడే పాత అక్షరాల పట్టికతో నడుస్తాయి. రష్యన్‌కు, జపనీస్‌కు అలాంటి కోడ్ పేజీలున్నాయి. తెలుగుకు లేదు, విండోస్‌లో తెలుగంటే మొదటి నుంచీ యూనికోడే. అందుకే కుడివైపు పేజీ శుభ్రంగా కనిపిస్తున్నా ఎడమవైపు సూచికంతా ప్రశ్నార్థకాలు. అలా మారిన చోట అసలు అక్షరం పోయినట్టే, ఏ సెట్టింగూ దాన్ని వెనక్కి తేలేదు. మూల ఫైలు దొరికితేనే దారి.

లాటిన్ గజిబిజికి అంత భయపడనక్కర్లేదు. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ‘తె’ ఆరు బైట్లు. వాటిని పశ్చిమ యూరప్ భాషల కోడ్ పేజీ విండోస్-1252 అనుకుని చదివితే నెత్తిన గీతున్న ఏ, డిగ్రీ గుర్తు, కరెన్సీ గుర్తు, మళ్లీ అదే ఏ, ప్లస్-మైనస్, కత్తి గుర్తు వస్తాయి. గీతున్న ఆ ఏ పేజీ నిండా కనబడుతోందంటే, చాలాసార్లు లోపల తెలుగు భద్రంగానే ఉంటుంది. ఎన్‌కోడింగ్, అంటే ఏ పట్టికతో చదవాలో సరిగ్గా చెబితే చాలు. పేజీలో ఆ మాట చెప్పే మెటా ట్యాగ్ మార్చినా ఫలితం లేదంటే వెబ్ సర్వర్ పంపే హెడర్‌లో అదేమని ఉందో చూడాలి. రెండూ వేర్వేరుగా ఉంటే బ్రౌజర్ సర్వర్ మాటే వింటుంది. చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు.

యూనికోడ్ వచ్చాక మిగిలిన తగాదా కంటికి కనిపించని ఒక అక్షరంతో. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటేనే వే విడిగా నిలుస్తుంది. అనువాద టూల్ దాన్ని చెత్తనుకుని తీసేస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. హెల్ప్ భాషలో సగం ఇలాంటి అరువు మాటలే కాబట్టి నష్టం పేజీ పేజీకీ కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం జ్ఞాలోనూ ఈ నాన్ జాయినరే ఇరుక్కుని ఉంది, ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సరిదిద్దింది. ఆ గోల ప్రపంచమంతా విన్నది కాబట్టి రోజుల్లో తేలిపోయింది. సెర్చ్‌లో నాన్ జాయినర్ లేకుండా ‘సాఫ్ట్వేర్’ అని కొట్టి, ఏమీ దొరక్క హెల్ప్ మూసేసే తెలుగు యూజర్ గోడు మాత్రం ఏ బగ్ రిపోర్టులోకీ ఎక్కదు. తెలుగు హెల్ప్ విడుదల చేసేవాళ్లు ఆ మాటను రెండు విధాలా కొట్టి చూడాలి. సెర్చ్ ఇండెక్స్ తయారుచేసేటప్పుడే నాన్ జాయినర్‌ను లెక్కలోకి తీసుకోకుండా చేయొచ్చు. పేజీలోంచి మాత్రం దాన్ని తీయకూడదు.