సైకిల్ దారులు: తరచూ వినబడే కొన్ని అపోహలు

అపోహ: మన ఊళ్లలో ఇప్పుడు సైకిల్ ఎవరు తొక్కుతారు?
వాస్తవం: ఏ మీటింగ్‌కి వెళ్లినా మొదట వినబడేది ఈ మాటే, అదీ కారు దిగి వచ్చినవాళ్ల నోట. 2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం, కుటీర పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవాళ్లలో దేశవ్యాప్తంగా దాదాపు 13 శాతం మంది సైకిల్ మీదే పనికి వెళ్లారు. వాచ్‌మన్లు, పేపరు వేసేవాళ్లు, తాపీ పనివాళ్లు తెల్లవారకముందే రోడ్డెక్కుతారు. రోడ్డు మీద బండ్ల లెక్క పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే వాళ్లెక్కడ కనబడతారు?

అపోహ: ఈ ఎండల్లో కుదరదు.
వాస్తవం: స్పెయిన్‌లోని సెవిల్‌లో వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. అక్కడ 2006-07లో సుమారు 80 కిలోమీటర్ల సైకిల్ ట్రాకులను ఒకదానితో ఒకటి కలిసేలా ఒకే ఊపులో వేశారు. చాలాచోట్ల కార్ల పార్కింగ్ తీసేసి ఆ స్థలమే వాడారు. కొద్ది ఏళ్లలోనే సైకిల్ ప్రయాణాలు ఎన్నో రెట్లు పెరిగాయి.

అపోహ: ఎక్కువ కిలోమీటర్లు వేస్తే చాలు.
వాస్తవం: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్‌కి పైన సోలార్ కప్పు, నాలుగున్నర మీటర్ల వెడల్పు ఉన్నాయి. వ్యాయామానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ బస్తీ నుంచి బజారుకి, బడికి, మెట్రో స్టేషన్‌కి వెళ్లాల్సినవాళ్ల దారి వేరు. నెదర్లాండ్స్‌లో ఊరి మధ్య ఒక సైకిల్ దారికీ ఇంకోదానికీ దూరం కొన్ని వందల మీటర్లకు మించకుండా చూస్తారు.

అసలు ప్రాణాలు పోయేది జంక్షన్లలో. మన ట్రాకులు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి! ఫ్రీ లెఫ్ట్ (సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే వీలు) ఉన్నచోట వేగం తగ్గించకుండా తిరిగే బస్సుకి, నేరుగా పోయే సైకిల్ అడ్డొస్తుంది. బండి నెమ్మదించక తప్పనట్టు మలుపు బిగువుగా కట్టాలి, ఫ్రీ లెఫ్ట్ తీసేయాలి. పక్క సందు కలిసేచోట ట్రాక్ దిగకుండా అదే ఎత్తులో సాగాలి, ఎక్కి దిగాల్సింది కారే. డబ్బూ, గొడవా రెండూ ఇక్కడే ఎక్కువ. అందుకే డ్రాయింగుల్లో ముందు ఎగిరిపోయేదీ ఇదే.

అపోహ: ఆకుపచ్చ రంగు వేస్తే ట్రాక్ అయిపోతుంది.
వాస్తవం: అయిపోదు. సాయంత్రానికి పార్కింగ్ అవుతుంది.

అపోహ: ట్రాక్ మొదట్లో బొలార్డులు (అడ్డంగా పాతే పొట్టి స్తంభాలు) పెడితే బైకులు రావు.
వాస్తవం: సైకిల్ దూరే సందులో బైకూ దూరుతుంది. ఇంకాస్త దగ్గరగా పెడితే గ్యాస్ సిలిండర్ల రిక్షా ఆగిపోతుంది, బైకు మాత్రం ఆగదు. మెయిన్ రోడ్డు మీద బైకుకి దారి ఉండాలి, ట్రాక్ మీద చలానా పడాలి. ఇంతకన్నా తేలికైన ఉపాయం నాకింతవరకు కనబడలేదు.