వడగలై, తెంగలై తగాదా: మధ్యలో వేదాంత దేశికులు

కంచి వరదరాజస్వామి గుడిలో ఆళ్వార్ల దివ్య ప్రబంధ పారాయణ ఏ తనియన్‌తో మొదలవ్వాలి, అంటే ముందుగా ఏ ఆచార్యుణ్ణి స్తుతించే శ్లోకం చదవాలి? శ్రీవైష్ణవుల రెండు శాఖల్లో ఒకటైన తెంగలైవాళ్లు తమ ఆచార్యుడు మణవాళ మాముని మీది ‘శ్రీశైలేశ దయాపాత్రం’ చదువుతారు. రెండో శాఖ వడగలైవాళ్లు తమ ఆచార్యుడు వేదాంత దేశికుల మీది ‘రామానుజ దయాపాత్రం’ కావాలంటారు. మాటామాటా పెరిగి తోపులాటల దాకా పోయిన సందర్భాలున్నాయి. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ కోర్టుల్లో నలుగుతున్న వ్యవహారమిది.

ఎవరి పేరు మీద ఇంత గొడవో, ఆ దేశికులకు మాత్రం గుడి మర్యాదల ధ్యాసే లేదు. వేంకటనాథుడిగా 1268లో కంచి పక్కనే తూప్పుల్‌లో పుట్టారు. మేనమామ అప్పుళ్ళార్ దగ్గర చదువు. ఉంఛవృత్తితో, అంటే ఇంటింటా బియ్యం యాచించి, సంసారం నడిచేది. ఒకసారి ఎవరో బియ్యంలో బంగారు నాణేలు కలిపి పోస్తే, పురుగులనుకుని దర్భపుల్లతో ఏరి పారేశారట. విజయనగరానికి రమ్మని విద్యారణ్యులు కబురు పెడితే ‘వైరాగ్య పంచకం’ రాసి పంపారని చెబుతారు. నాన్న సంపాదించింది లేదు, నేను సంపాదించిందీ లేదు, హస్తిగిరి మీద తాతగారి ఆస్తి ఒకటుంది, అది చాలు అని అందులో చివరి మాట. ఆ ఆస్తి కంచి వరదుడే! మన రాచకొండ సింగభూపాలుడి కోసం ‘సుభాషితనీవి’ రాశారనీ అంటారు.

1323లో ఢిల్లీ సైన్యం శ్రీరంగం మీద పడింది. తెంగలైవాళ్లు ఆచార్యుడిగా కొలిచే పిళ్ళై లోకాచార్యులు రంగనాథుడి ఉత్సవమూర్తిని తీసుకుని బయటపడి, దారిలోనే పరమపదించారు. దేశికులు రామానుజుల శ్రీభాష్యానికి వ్యాఖ్యానమైన ‘శ్రుతప్రకాశిక’నూ, దాన్ని రాసిన సుదర్శన సూరి కొడుకులిద్దర్నీ కాపాడటానికి శవాల మధ్య దాక్కున్నారని సంప్రదాయం. తిరిగి తిరిగి తిరుమల చేరిన ఆ మూర్తి ఉన్నచోటే ఇప్పటి రంగనాయకుల మండపం. 1371లో విజయనగర సేనాని గోపన్న దాన్ని శ్రీరంగం చేర్చాడు.

సిద్ధాంతంలో తేడా ఉన్నమాట నిజమే. కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్టు జీవుడి వైపు నుంచీ కాస్త ప్రయత్నం ఉండాలని దేశికుల పక్షం. పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుపోయినట్టు అంతా దేవుడే చూసుకుంటాడని లోకాచార్యుల పక్షం. అంతమాత్రాన వాళ్ల కాలంలో రెండు శాఖలేం లేవు. మణవాళ మాముని పుట్టిందే 1370లో. నామం ఆకారం దగ్గర్నుంచి తీర్థం ఎవరికి ముందివ్వాలన్నదాకా గోడలు లేచింది తర్వాతి శతాబ్దాల్లో, గుళ్ల పెత్తనం కోసం పోటీ ముదిరాక. కంచి కేసులోనూ కోర్టులు తేల్చాల్సింది కోతి పక్షమా పిల్లి పక్షమా అని కాదు, అధ్యాపక మిరాసీ, అంటే గుడిలో పారాయణ చేసే వంశపారంపర్య హక్కు, ఎవరిదని.